ఆల్టర్నేటర్ మరమ్మతు – 4వ పాఠం: డయోడ్ ప్లేటు పరీక్ష

ఇంజన్‌తో పాటు తిరుగుతూ బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌ను బండి మీదే ఉంచి కొలతలు తీసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వద్ద 13.8 నుంచి 14.5 వోల్టులు రాకపోయినా, మీటరును ఏసీ రేంజిలో పెట్టినప్పుడు అర వోల్టుకు మించి చూపినా, ముందుగా అనుమానించవలసినది కరెంటును ఒకే దిశలో పారనిచ్చే డయోడ్లనే.

స్టేటర్ (తిరగని భాగం) చుట్టల్లో పుట్టే మూడు ఫేజుల ఏసీ కరెంటును డీసీగా మార్చేవి సాధారణంగా ఆరు డయోడ్లు. వాటిలో మూడు పాజిటివ్ వైపు, మూడు నెగటివ్ వైపు ఉంటాయి. ఇవి బిగించి ఉండేదే డయోడ్ ప్లేటు. ఒకటి ఓపెన్ అయితే, అంటే లోపల తెగిపోతే, చార్జింగ్ పూర్తిగా ఆగదు కనుక లోపం సులువుగా బయటపడదు. లోడు తక్కువగా ఉన్నంతసేపూ వోల్టేజి సరిగానే ఉండి, హెడ్‌లైట్లు వేయగానే పడిపోతుంది. పాజిటివ్ డయోడ్ షార్టయితే, అంటే రెండు దిశల్లోనూ కరెంటును వదిలేస్తే, కథ వేరు. ఫీల్డుకు, అంటే రోటర్ (లోపల తిరిగే విద్యుదయస్కాంతం) చుట్టకు, కరెంటునిచ్చే మూడు చిన్న డయోడ్లు విడిగా ఉన్న ఆల్టర్నేటర్లలో, తాళం తీసేసిన తరువాత కూడా బ్యాటరీ కరెంటు ఆ దారిలో రోటర్‌కు చేరుతూనే ఉంటుంది. సాయంత్రం నిలిపిన బండి తెల్లారేసరికి స్టార్టు కాదు. అటువంటప్పుడు ఇంజన్ ఆపి, స్క్రూడ్రైవర్ కొనను వెనుక బేరింగ్ దగ్గరికి తీసుకెళ్తే, అది అయస్కాంతానికి అతుక్కున్నట్టు లాగడం చేతికే తెలుస్తుంది.

విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీగను తప్పక తీసేయాలి. ప్లేటు బయటికి వచ్చాక స్టేటర్ తీగల టంకాన్ని కరిగించి వాటిని వేరు చేయాలి. ఈ పనిని బద్ధకించవద్దు. చుట్టల ద్వారా మూడు ఫేజులూ కలిసే ఉంటాయి కనుక, తీగలు విప్పకపోతే ఒక్కటి షార్టయినా ఆ వైపున్న మూడూ పోయినట్టే కనబడతాయి. తరువాత మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి, ఒక్కొక్క డయోడ్‌ను రెండు దిశల్లోనూ చూడాలి. మంచిదైతే ఒక దిశలో 0.4 నుంచి 0.7 వరకు చూపి, ప్రోబులు తారుమారు చేయగానే ఏమీ పారనివ్వదు. రెండు దిశల్లోనూ సున్నాకు దగ్గరగా ఉంటే షార్టు, రెండింటిలోనూ పారకపోతే ఓపెన్.

ఒక్క డయోడే పోయినా ప్లేటు మొత్తాన్ని మార్చడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే బిగుతుగా దిగే డయోడ్‌ను సరైన ప్రెస్సు లేకుండా సుత్తితో దించితే లోపలి స్ఫటికం పగులుతుంది. టంకం పెట్టేటప్పుడు డయోడ్‌కూ అతుకుకూ మధ్య తీగను నోస్ ప్లయర్‌తో పట్టుకుంటే వేడి డయోడ్ దాకా పాకదు. ఆమ్లం కలిసిన ఫ్లక్సు తీగను తినేస్తుంది కనుక రెజిన్ ఫ్లక్సునే వాడాలి.

పాజిటివ్ ప్లేటు బాడీకి తగలకుండా దాని బోల్టుల కింద ఉండే ఫైబర్ వాషర్లలో ఒక్కటి మరిచినా, బ్యాటరీ తగిలించిన మరుక్షణమే తీగలు కాలిపోతాయి. అందుకే రెగ్యులేటర్ (వోల్టేజిని అదుపు చేసే భాగం) బిగించకముందే డయోడ్ రేంజిలో ఎర్ర ప్రోబును బాడీకి, నల్ల ప్రోబును ప్రధాన టెర్మినల్‌కు ఆనించి చూడండి. రెండు డయోడ్లు వరుసగా ఉంటాయి కనుక సుమారు ఒక వోల్టు కనబడాలి, ప్రోబులు మార్చితే ఏమీ పారకూడదు. వచ్చే పాఠంలో రోటర్, కార్బన్ బ్రష్‌ల పరీక్ష చూద్దాం.