సబ్మిట్ నొక్కే ముందు వారం: మెడికల్ పేపర్ పంపేవాళ్లకు జాగ్రత్తలు

పేపర్ మొత్తం సెలెక్ట్ చేసి ఫాంట్ మార్చాను. చేసింది అంతే. జర్నల్ వాళ్లు టైమ్స్ న్యూ రోమన్, 12 సైజు అడిగారు మరి. మందు డోసు రాసిన చోట మైక్రోగ్రాముకు వాడే మ్యూ గుర్తును మొదట్లో సింబల్ అనే ఫాంట్‌లో ‘ఎమ్’ అక్షరం కొట్టి తెప్పించాం. ఆ ఫాంట్ పోగానే మ్యూ కాస్తా మళ్లీ ఎమ్ అయి కూర్చుంది. 50 మైక్రోగ్రాములు 50 మిల్లీగ్రాములయ్యాయి. వెయ్యి రెట్లు! స్పెల్‌చెక్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ నిజంగా ఉన్న కొలతలే. పంపడానికి ముందు రోజు మా కో-ఆథర్ ఒకామె మిగతావన్నీ వదిలేసి డోసులు మాత్రమే చూసుకుంటూ పోతుంటే దొరికింది.

ఆ రోజు నుంచి ఫార్మాటింగ్ అంటే పైపై మెరుగులు అనే మాట నేను ఒప్పుకోను. రాయడం అయిపోయింది, ఇక జర్నల్ కొలతలకు సర్దడమే కదా అని తేలిగ్గా తీసుకునే ఆ చివరి వారమే అసలు ప్రమాదం. అంకెలు మారిపోయేది, పేషెంట్ పేరు బయటపడేది, రిఫరెన్సులు ఒకదాని చోట ఇంకొకటి వచ్చి పడేది అప్పుడే. మనం పంపే పేపర్ చదివి రేపు ఎవరో డాక్టర్ ఒక పేషెంట్‌కు మందు రాయొచ్చు. అది మనసులో పెట్టుకుని ఈ వారం గడపాలి.

ముందు అంకెలకు తాళం వేయండి

విషయం పూర్తిగా ఖరారయ్యాకే ఫార్మాటింగ్ మొదలుపెట్టండి. ఒకపక్క టేబుళ్లు జర్నల్ పద్ధతికి మారుస్తూ, ఇంకోపక్క ఎనాలిసిస్ మళ్లీ రన్ చేస్తే రెండూ చెడతాయి. డేటా ఫైల్‌కు తేదీ వేసి ఒక కాపీ పక్కన పెట్టండి, ఇక దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మాన్యుస్క్రిప్ట్ ఒక్కరి చేతిలోనే ఉండాలి. మిగతావాళ్లు కామెంట్లు పెట్టొచ్చు గానీ, నలుగురూ నాలుగు ఫైళ్లలో దిద్దితే ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని మూడు పేర్లతో మూడు పేపర్లు తయారవుతాయి.

తర్వాత ఒక పూట కేటాయించి అంకెలు సరిచూడండి. స్క్రీన్ మీద కాదు, ప్రింట్ తీసి, పెన్ను పట్టుకుని. అబ్‌స్ట్రాక్ట్‌లో (పేపర్ మొదట్లో వచ్చే సారాంశంలో) ఉన్న ప్రతి అంకె రిజల్ట్స్‌లో ఉందా, రిజల్ట్స్‌లోది టేబుల్లో అలాగే ఉందా అని చూసి ఒక్కోదానికి టిక్ పెట్టండి. అబ్‌స్ట్రాక్ట్ అన్నిటికంటే ముందు రాసి, చివరికి మరిచిపోయే భాగం. 212 మందిలో ఆరుగురిని తర్వాత తీసేశారనుకోండి, పేపర్ అంతా 206 అని మారుతుంది, అబ్‌స్ట్రాక్ట్‌లో మాత్రం 212 అలాగే ఉండిపోతుంది. జర్నల్ తరఫున పేపర్‌ను పరిశీలించే రివ్యూయర్ కన్ను మొదట పడేది అక్కడే.

శాతాలు రాసినప్పుడు పక్కన ఎంతమందిలో ఎంతమందో కూడా రాయండి. 12 మందిలో ఒకరు అంటే 8 శాతం అనడం సరిపోతుంది, 8.33 అని రాస్తే లేని కచ్చితత్వం ఉన్నట్టు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ పి విలువను (నిజంగా తేడా లేకపోయినా ఇలాంటి ఫలితం వచ్చే అవకాశాన్ని చెప్పే అంకెను) 0.000 అని చూపిస్తే అలాగే దించకండి, అది సున్నా కాదు, 0.001 కంటే తక్కువ అని రాయాలి. ‘తేడా ఉంది’, ‘తేడా లేదు’ అని వదిలేయకుండా కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (అసలు విలువ ఏ హద్దుల మధ్య ఉండొచ్చన్న అంచనా) ఇవ్వండి. ప్లస్ ఆర్ మైనస్ గుర్తు పక్కన ఉన్నది స్టాండర్డ్ డీవియేషనా (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో), స్టాండర్డ్ ఎర్రరా (సగటు అంచనా ఎంత కచ్చితమో) అన్నది టేబుల్ కింద తప్పక చెప్పాలి.

ల్యాబ్ యూనిట్లు మార్చమని జర్నల్ అడిగితే ఇంకో గండం. డెసిలీటర్‌కు మిల్లీగ్రాముల్లో ఉన్న గ్లూకోజ్‌ను లీటర్‌కు మిల్లీమోల్స్‌లోకి తేవడానికి దాదాపు 18తో భాగించాలి, క్రియాటినిన్‌ను మైక్రోమోల్స్‌లోకి తేవడానికి 88.4తో హెచ్చించాలి. సగటును మార్చి, పక్కనున్న డీవియేషన్‌ను, నార్మల్ రేంజ్‌ను మార్చకుండా వదిలేయడం చాలాసార్లు చూశాను. జన్యువుల మీద పని చేసేవాళ్లు ఎక్సెల్‌తో మరీ జాగ్రత్తగా ఉండాలి. సెప్ట్2 అనే జీన్ పేరు టైప్ చేస్తే అది సెప్టెంబర్ 2 అనుకుని తేదీగా మార్చేస్తుంది. ఈ బాధ పడలేక జీన్ల పేర్లు ఖరారు చేసే కమిటీయే 2020లో ఆ పేరును సెప్టిన్2గా మార్చిన సంగతి ప్రకటించింది. పాత డేటా ఫైళ్లలో ఇంకా పాత పేర్లే ఉంటాయి.

మ్యూ గుర్తు లాంటిదే ఇంకొకటి. ‘సమానం లేదా ఎక్కువ’ గుర్తు దొరక్క కొందరు ‘ఎక్కువ’ గుర్తుకు అండర్‌లైన్ పెడతారు. ఫార్మాటింగ్ తీసేయగానే గీత పోతుంది. 65, అంతకుమించిన వయసువాళ్లు అన్నది 65 దాటినవాళ్లు అయిపోతుంది. ఇలాంటి గుర్తులన్నీ ఇన్సర్ట్ మెనూలోంచి అసలైన అక్షరాలుగా పెట్టుకోండి.

పేషెంట్ పేరు ఎక్కడెక్కడ దాక్కుంటుంది

దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను. పేపర్లో పేరు రాయలేదు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటాం. ఎక్స్‌రే, స్కాన్ మూలన పేరు, ఆసుపత్రి నంబరు, తేదీ ఉంటాయి. వర్డ్‌లోనో పవర్‌పాయింట్‌లోనో ఆ మూల క్రాప్ చేస్తాం. కంటికి కనిపించదు గానీ ఆ ముక్క ఫైల్లోనే ఉంటుంది. ఎవరైనా క్రాప్‌ను వెనక్కి లాగితే పేరు మళ్లీ ప్రత్యక్షం. కాబట్టి ఫొటో ఎడిటర్‌లో కత్తిరించి, కొత్త ఫైల్‌గా సేవ్ చేసి, అప్పుడే పేపర్లో పెట్టండి. పేరు మీద నల్ల డబ్బా గీయడం కూడా అంతే, డబ్బా జరిపితే కింద పేరు ఉంటుంది. స్కాన్లను డైకామ్ ఫైళ్లుగా (స్కాన్ యంత్రాలు వాడే ఫైల్ రకం) పంపాల్సి వస్తే ఫైల్ లోపలి వివరాల్లో పేరు, పుట్టిన తేదీ ఉంటాయి, వాటిని తీసేసే టూల్‌తో తీయాలి. ఇక ఫైల్ పేరే పేషెంట్ పేరుతో ఉంటే ఇదంతా చేసీ లాభం లేదు.

ఎక్సెల్ గ్రాఫ్‌ను వర్డ్‌లోకి పేస్ట్ చేసేటప్పుడు ఒక్క క్షణం ఆగండి. ఎంబెడ్ చేసే ఆప్షన్‌లో పేస్ట్ అయితే గ్రాఫ్‌తో పాటు మొత్తం వర్క్‌బుక్ ఫైల్లోకి వచ్చి కూర్చుంటుంది. అందులో అందరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న షీట్ ఉంటే అదీ వెళ్తుంది. గ్రాఫ్‌ను బొమ్మగా పేస్ట్ చేయండి.

కళ్ల మీద నల్ల పట్టీ వేస్తే మనిషిని గుర్తుపట్టలేరన్నది పాతకాలపు నమ్మకం. అది సరిపోదని మెడికల్ జర్నల్ ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ స్పష్టంగా చెబుతోంది. ట్రీట్‌మెంట్‌కు ఇచ్చిన కాన్సెంట్, స్టడీలో చేరడానికి ఇచ్చిన కాన్సెంట్, పత్రికలో వేయడానికి ఇచ్చే కాన్సెంట్ మూడూ వేరు. కేస్ రిపోర్ట్ (ఒక పేషెంట్ కేసు వివరించే పేపర్) రాస్తుంటే మూడోది రాతపూర్వకంగా ఉండాలి. పేషెంట్ డిశ్చార్జ్ అయి ఏడాది గడిచాక సంతకం కోసం వెతకడం చాలా కష్టం, కేసు రాయాలని అనిపించిన రోజే అడగండి. సంతకం ఉన్న ఫారం మీ దగ్గరే భద్రంగా ఉండాలి, జర్నల్ అడిగితే తప్ప పంపొద్దు.

ఎథిక్స్ కమిటీ అనుమతి నంబరు, తేదీ లెటర్ చూసి దించండి, గుర్తున్నట్టు రాయకండి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి పేషెంట్‌ను చేర్చుకునే ముందే పబ్లిక్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. పైన చెప్పిన ఎడిటర్ల కమిటీలోని జర్నళ్లు 2005 నుంచి ఇదే నియమం పాటిస్తున్నాయి. ఆలస్యంగా నమోదైతే తేదీలు కప్పిపుచ్చొద్దు. జరిగింది జరిగినట్టు రాసి, కారణం చెప్పండి.

పేర్లు, ఎవరి వరుస ఎక్కడ

ఆ ఎడిటర్ల కమిటీ 1978లో కెనడాలోని వాంకోవర్‌లో కొందరు ఎడిటర్లు కలిసి కూర్చోవడంతో మొదలైంది. రిఫరెన్సులకు వాంకోవర్ స్టైల్ అన్న పేరు అక్కడిదే. ఆథర్‌గా పేరు ఉండాలంటే నాలుగూ కావాలంటారు వాళ్లు: ఆలోచనలోనో డేటాలోనో ఎనాలిసిస్‌లోనో గట్టి పాత్ర, రాయడంలో లేదా విమర్శనాత్మకంగా దిద్దడంలో పాలు, చివరి కాపీకి ఆమోదం, పేపర్ మొత్తానికి జవాబుదారీతనం. డిపార్ట్‌మెంట్ హెడ్ అయినంత మాత్రాన, నిధులు తెచ్చినంత మాత్రాన చాలదు. అలాగే రాత్రిళ్లు కూర్చుని ఎనాలిసిస్ చేసి, డ్రాఫ్ట్ దిద్దిన జూనియర్ పేరు అక్నాలెడ్జ్‌మెంట్‌లోకి తోసేయడమూ అన్యాయమే. ఈ మాట ముఖం మీద మాట్లాడుకోవడం ఇబ్బందిగా ఉంటుంది, నిజమే. కానీ సబ్మిట్ అయ్యాక పేరు చేర్చాలన్నా, తీయాలన్నా అందరి సంతకాలతో కారణం చెప్పుకోవాలి. ఇప్పుడే మాట్లాడేయండి.

చివరి కాపీ అందరికీ మెయిల్ చేసి, ‘ఒప్పుకుంటున్నాను’ అని రాతలో తీసుకోండి. జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే కరెస్పాండింగ్ ఆథర్ మెయిల్, కోర్సు అయిపోగానే మూతపడే కాలేజీ అకౌంట్ కాకుండా చూసుకోండి. ఏఐ టూల్ వాడితే ఎక్కడ, దేనికి వాడారో చెప్పాలి, దాన్ని ఆథర్‌గా రాయకూడదు.

జర్నల్ సంగతి

ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకండి, ఇందులో మినహాయింపు లేదు. పొగడ్తలతో మెయిల్ పంపి, వారంలో వేస్తామనే జర్నల్‌ను నమ్మొద్దు. మెడ్‌లైన్‌లో (మెడికల్ పేపర్ల సూచికలో) ఉందంటే అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ కేటలాగ్‌లో మీరే చూడండి, ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) అంటే అలాంటి జర్నళ్ల డైరెక్టరీ అయిన డీఓఏజే జాబితాలో చూడండి. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ వెబ్‌సైట్లు ఉంటాయి, అందుకని మెయిల్లో వచ్చిన లింకు నొక్కి లోపలికి వెళ్లొద్దు. ఎంచుకున్నాక ఆథర్ గైడ్‌లైన్స్ మొదటి నుంచి చివరి దాకా చదివి, అందులో ఈ మధ్య వచ్చిన రెండు పేపర్లు పక్కన పెట్టుకుని పని చేయండి. గైడ్‌లైన్స్‌లో అర్థం కానివి చాలావరకు ఆ పేపర్లు చూస్తే తెలిసిపోతాయి.

స్టడీ రకాన్ని బట్టి, పేపర్లో ఏమేమి ఉండాలో చెప్పే చెక్‌లిస్ట్ నింపాలి: ట్రయల్‌కు కన్సార్ట్, అబ్జర్వేషనల్ స్టడీకి స్ట్రోబ్, సిస్టమాటిక్ రివ్యూకు ప్రిస్మా, కేస్ రిపోర్ట్‌కు కేర్. ఈక్వేటర్ నెట్‌వర్క్ సైట్‌లో అన్నీ ఒకేచోట దొరుకుతాయి. స్ట్రోబ్‌లో 22 అంశాలుంటాయి. పేజీ నంబర్లు మాత్రం అన్నిటికంటే చివర రాయండి, ఫాంట్ మారితే పేజీలూ మారతాయి.

రిఫరెన్సులు, బొమ్మలు

ప్రతి రిఫరెన్సునూ తెరిచి చూడండి. ఏఐ ఇచ్చిన రిఫరెన్సు అచ్చం అసలుదానిలాగే ఉంటుంది, తీరా వెతికితే అలాంటి పేపరే ఉండదు. అసలుది ఉన్నా మీరు రాసిన మాట అందులో ఉందా అన్నది వేరే ప్రశ్న. మెడికల్ పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో చూస్తే రిట్రాక్ట్ అయిన (జర్నల్ వెనక్కి తీసుకున్న) పేపర్ల మీద ఆ హెచ్చరిక కనిపిస్తుంది, పంపే రోజు ఇంకోసారి చూడండి. టేబుల్లో మాత్రమే వాడిన రిఫరెన్సుల నంబర్లు ఆ టేబుల్‌ను పాఠంలో మొదట ప్రస్తావించిన చోటును బట్టి రావాలి. పేరాలు అటూ ఇటూ జరిపినప్పుడు తప్పేది ఇదే.

బొమ్మలకు 300 డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) అడిగితే స్క్రీన్‌షాట్ తీసి ఆ సంఖ్య పెంచడం వల్ల ఉపయోగం లేదు. మసక బొమ్మ మసకగానే ఉంటుంది, సాఫ్ట్‌వేర్ నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. వెలుతురు సర్దితే బొమ్మ మొత్తానికి ఒకేలా సర్దాలి. ల్యాబ్ జెల్ బొమ్మలో ఒక్క బ్యాండ్‌నో (చారనో), ఒక మూలనో మెరుగుపరిస్తే అది డేటాను మార్చడం కిందకే వస్తుంది.

డబుల్ బ్లైండ్ రివ్యూ (ఆథర్లు, రివ్యూయర్లు ఎవరో ఒకరికొకరు తెలియని పద్ధతి) అయితే టైటిల్ పేజ్ వేరు ఫైల్. ‘మా ఆసుపత్రి’ పేరు, అక్నాలెడ్జ్‌మెంట్, ఫైల్ ప్రాపర్టీస్‌లో ఉండే ఆథర్ పేరు తీసేయండి. ట్రాక్ చేంజెస్ (వర్డ్ గుర్తుపెట్టుకున్న దిద్దుబాట్లు) దాచడం వేరు, ఒప్పుకుని తీసేయడం వేరు. ‘ఈ అంకె ఎక్కడిది సార్?’ అన్న కామెంట్‌తో సహా ఎడిటర్ దగ్గరికి వెళ్లిన ఫైల్ ఒకటి నాకు తెలుసు.

ఆ చివరి పీడీఎఫ్

ఫైళ్లన్నీ ఎక్కించాక సిస్టమ్ వాటిని కలిపి ఒక పీడీఎఫ్ తయారుచేసి, అప్రూవ్ చేయమంటుంది. అప్పటికి అర్ధరాత్రి అయి ఉంటుంది, నిద్రతో కళ్లు మూతలు పడుతుంటాయి, నొక్కేసి పడుకోవాలనిపిస్తుంది. నొక్కకండి. రివ్యూయర్ చదివేది మీ వర్డ్ ఫైల్ కాదు, ఆ పీడీఎఫ్. మ్యూ గుర్తు చోట ఖాళీ డబ్బా వచ్చేది, వెడల్పు టేబుల్ కుడివైపు రెండు కాలమ్స్ పేజీ బయటికి పోయేది అందులోనే. పొద్దున్నే తాజాగా తెరిచి, ముందు డోసులు, తర్వాత టేబుళ్లు, తర్వాత బొమ్మల మూలలు, ఆఖరున పాఠం, ఆ వరుసలో చూడండి. వీలైతే పేపర్‌తో సంబంధం లేని స్నేహితుడి చేత టేబుళ్లు మాత్రం చదివించండి.

పంపాక రెండు మూడు రోజుల్లో ఫైల్ వెనక్కి వస్తే కంగారు పడొద్దు. చాలాసార్లు అది రిజెక్షన్ కాదు, లైన్ నంబర్లు లేవనో, డిక్లరేషన్ తగ్గిందనో ఆఫీసు వాళ్లు తిప్పి పంపడం. మెయిల్ నిదానంగా చదివి, అడిగింది మాత్రమే సరిచేసి పంపండి, ఆ సందులో ఇంకో పేరా మార్చొద్దు. పంపిన ఫైళ్లు ఉన్నవి ఉన్నట్టుగా, తేదీ వేసిన డేటా కాపీ, ఎనాలిసిస్ కోడ్, ఎథిక్స్ లెటర్, అందరి ఆమోదం మెయిళ్లు ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి. నాలుగు నెలల తర్వాత రివ్యూయర్ మూడో టేబుల్ రెండో వరుస ఎలా వచ్చిందని అడిగినప్పుడు మీరు తెరవాల్సింది ఆ ఫోల్డరే.