రాతిబొమ్మల్లో కథను చదవడం – 3వ పాఠం: వేలు నోట్లో పెట్టుకున్న సిగుర్ద్

గత పాఠంలో ఉత్తర ఐరోపా ప్రాచీన లిపి అయిన రూన్ అక్షరాలను గుర్తుపట్టడం సాధన చేశాము. ఈసారి బొమ్మల వరుసను బట్టి కథను పట్టుకోవడం నేర్చుకుందాము. అభ్యాసానికి తీసుకున్నది స్వీడన్‌లో ఎస్కిల్‌స్టూనా పట్టణానికి చేరువన రామ్సుండ్ వద్ద ఉన్న బండ; దాని మీద ఉత్తర ఐరోపా ప్రాచీన గాథల్లోని వీరుడు సిగుర్ద్ కథ ఉంది. దీనిని సుమారు 1030లో చెక్కారు. దాని ఫోటోను ఎదుట పెట్టుకొని ఈ పాఠం చదవండి.

అక్షరాలు చెక్కిన పట్టీయే ఫాఫ్నిర్ అనే మహాసర్పపు ఒడలు. అయితే అందులోని వాక్యం కథ గురించి ఏమీ చెప్పదు. ఓర్మ్ కూతురైన సిగ్రిద్ అనే ఆమె హోల్మ్‌గేర్ ఆత్మ కోసం వంతెన కట్టించిందని మాత్రమే చెబుతుంది. మన శాసనాల్లో ‘పుణ్యముగాను’ అని కనిపించే మాటకు ఇది దగ్గరి చుట్టం.

ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతే ఈ కథ అందదు. ముందుగా కీలకమైన బొమ్మను వెతకాలి. మంట ముందు నగ్నంగా కూర్చుని, పుల్లకు గుచ్చిన ఫాఫ్నిర్ గుండెను కాలుస్తున్న మనిషిని చూడండి; అతని బొటనవేలు నోట్లో ఉంది. గుండె ఉడికిందో లేదోనని ముట్టుకున్న సిగుర్ద్ చేయి కాలి, చటుక్కున వేలు నోట్లో పెట్టుకోగా, నాలుకకు తగిలిన సర్పరక్తం వల్ల అతనికి పక్షుల భాష తెలిసింది. ఇప్పుడు చెట్టు మీదికి చూపు తిప్పితే పక్షులు కనిపిస్తాయి. తనను పెంచిన కమ్మరి రెగిన్ ద్రోహం తలపెట్టాడని సిగుర్ద్ వాటి మాటల్లో విన్నాడు. దాని ఫలితమే సుత్తి, పటకారు, కొలిమితిత్తుల నడుమ తల తెగి పడి ఉన్న మొండెం. మాట, దాని పర్యవసానం ఒకే బండ మీద ఒకేసారి కనిపిస్తాయి.

అక్కడి నుంచి వెనక్కి నడవండి. పట్టీ కింద నిలిచి, కత్తిని పైకి పొడుస్తున్నవాడూ సిగుర్దే. పాము నీటికి వెళ్లే దారిలో గొయ్యి తవ్వి, అందులో పొంచి దాని పొట్టలో పొడిచాడు. ఆ కత్తిని చేసి ఇచ్చింది రెగినే కాబట్టి పనిముట్లకు ఇక్కడ రెండో అర్థం కూడా ఉంది. విడిగా కనిపించే జంతువు నీరుకుక్క. అది ఆ రూపంలో తిరుగుతూ ‘లోకి’ అనే దేవుడి చేతిలో చచ్చిన రెగిన్ సోదరుడు. అతని ప్రాణానికి పరిహారంగా దేవతలు చెల్లించిన బంగారం కోసమే రెగిన్ మరో సోదరుడైన ఫాఫ్నిర్ తమ తండ్రిని చంపి సర్పమయ్యాడు. చెట్టుకు కట్టిన గ్రాని అనే గుర్రం వీపున ఉన్న బరువు ఆ బంగారమే.

ఈ కథ ఐస్‌లాండ్‌లో గ్రంథస్థమైంది 13వ శతాబ్దంలో. అంటే శిల్పి రెండు వందల ఏళ్లు ముందున్నాడు. కనుక పుస్తకంతో బండను దిద్దకండి.

అభ్యాసం: నార్వేలోని హిలెస్టాడ్ చర్చి ద్వారబంధం మీద, సుమారు 1200 నాటి చెక్కపనిలో, ఇదే కథ ఉంది. అందులో ముందు వేలును వెతికి, ఆ తరువాత ముందువెనుకలు రాసుకోండి.