స్ప్రూస్ మొక్కల మీది నల్లి: నాకు పనిచేసిన పద్ధతి

రెండేళ్లపాటు నా స్ప్రూస్ (చలి ప్రాంతాల్లో పెరిగే, సూదుల్లాంటి ఆకులుండే చెట్టు) మొక్కల లోపలి కొమ్మల్లో ఆ సూదులు సన్నని పసుపు చుక్కలతో వెలిసిపోయి, కంచురంగుకు తిరిగి రాలిపోయాయి. నీళ్లు పెంచాను, ఎరువు వేశాను, పైరెథ్రాయిడ్ రకం పురుగుమందు కొట్టాను; ఫలితం లేదు, పైగా మందు తర్వాత బెడద ముదిరింది, బహుశా నల్లిని (మంచపు నల్లి కాదు, మొక్కల రసం పీల్చే, సాలీడుకు దగ్గరి అతి చిన్న జీవి) తినే మిత్రజీవులు చనిపోవడం వల్ల.

చివరికి కొమ్మ కింద తెల్లకాగితం పట్టి గట్టిగా తట్టాను. దుమ్మురేణువుల్లా పడినవాటిలో కొన్ని కాసేపటికి కదిలాయి; భూతద్దంలో ఎనిమిది కాళ్లు కనిపించడంతో అవి కీటకాలు కావు, నల్లులని తేలింది. నెమ్మదిగా పాకేవి సాధారణంగా రసం పీల్చేవి, చురుగ్గా పరుగెత్తేవి వాటిని వేటాడేవి. ఈ తేడా గుర్తించాకే మందు మానేశాను.

ఆపై ఉదయం పూట, కాండం వైపు నుంచి బయటికి, కొమ్మల అడుగుభాగాన బలమైన నీటిధార పట్టి, సూదుల మధ్య అల్లుకున్న సన్నని సాలెగూడు లాంటి గూడు పూర్తిగా ఊడేదాకా కడిగాను. గుడ్లన్నీ పోవు కనుక ఐదు రోజులకొకసారి, మూడు వారాలపాటు ఇదే చేస్తూ, ప్రతిసారీ కాగితం మీద పడినవాటిని లెక్కపెట్టాను. రాలిన సూదులు తిరిగి రాలేదు గాని, కొత్త చిగుళ్లు పచ్చగా నిలిచాయి.

నావి నడుమెత్తు మొక్కలు. నీటిధార అందని పెద్ద చెట్లకు ఇది పనికొస్తుందని చెప్పలేను. ఈ నల్లి చల్లని వసంత, శరత్కాలాల్లో విజృంభించి మండువేసవిలో తగ్గుతుంది, కాబట్టి నేను చూసిన తగ్గుదలలో కొంత ఋతువు వల్ల కూడా కావచ్చు.