గోల్ఫ్ స్వింగ్ నేర్చుకుందాం – 4: ముందు పాదం, తర్వాతే చేతులు

పోయిన పాఠంలో క్లబ్ (గోల్ఫ్ కర్ర) పైకి వెళ్లేదాకా వచ్చాం. వీపు టార్గెట్ వైపు తిరిగింది. ఇక కిందికి రావాలి. కుడిచేతి వాటం వాళ్ల కోసం రాస్తున్నాను, ఎడమచేతి వాళ్లు కుడిఎడమలు మార్చుకుని చదవండి.

కొత్తవాళ్లు చాలామంది ఇక్కడ చేతులతో మొదలుపెడతారు. భుజాలు ముందే తిరిగిపోయి, క్లబ్ బయటి నుంచి లోపలికి అడ్డంగా వస్తుంది. బంతి కుడివైపుకు వంగిపోతుంది. స్లైస్ అనే ఈ వంకర దెబ్బ ఎక్కువగా పుట్టేది ఇలాగే.

చెరువులోకి దూరంగా రాయి విసరడం గుర్తు తెచ్చుకోండి. చెయ్యి ఇంకా వెనకే ఉండగా ముందు కాలు నేలమీద పడుతుంది. ఆ తర్వాత నడుము, భుజం, చిట్టచివర చెయ్యి. ఇది మనకెవరూ నేర్పలేదు. గోల్ఫ్‌కీ ఇదే వరుస కావాలి. అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ బ్యాక్‌స్వింగ్‌లో, అంటే క్లబ్ వెనక్కి పైకి వెళ్లేటప్పుడు, ఎడమ మడమ పైకి లేచేది. దాన్ని మళ్లీ నేలకు ఆనించడంతోనే ఆయన డౌన్‌స్వింగ్ (క్లబ్ కిందికి రావడం) మొదలయ్యేది.

‘నడుము తిప్పు’ అన్న సలహా మీరూ వినే ఉంటారు. తప్పని అనను గానీ, మొదట్లో అది పనికిరాదు. నడుము తిప్పబోతే భుజాలూ వెంటే తిరిగేస్తాయి. పాదం మీద దృష్టి పెడితే ఆ గొడవ ఉండదు. నేను మారింది అక్కడే.

చెప్పులు విప్పి, 7 ఐరన్ (7 నంబరు ఇనుప క్లబ్) తీసుకోండి. బంతి వద్దు. పాదాలు రెండూ దగ్గరగా పెట్టి క్లబ్ పైకి తీసుకెళ్లండి. అది పూర్తిగా పైకి చేరకముందే ఎడమ కాలితో టార్గెట్ వైపు ఒక అడుగు వేయండి. క్లబ్ వెనక్కి పోతోంది, కాలు ముందుకు పోతోంది: ఆ క్షణంలో పొట్ట పక్కన సాగినట్టు తెలుస్తుంది. మనకు కావలసింది ఆ బిగువే. అడుగు పడ్డాకే క్లబ్‌ను కిందికి తిప్పండి. బరువు మొదట బొటనవేలి మొదట్లో తగిలి, నడుము తిరిగేకొద్దీ మడమ వైపు జరుగుతుంది. వంగి ఉన్న ఎడమ మోకాలు బంతి ఉండాల్సిన చోటుకు వచ్చేసరికి సాగుతుంది. అది నొప్పిగా ఉంటే పాదాన్ని కాస్త బయటికి తిప్పి పెట్టుకోండి.

ఇంకొకటి ఇంట్లోనే చేయొచ్చు. నడుము ముందుకు వంచి, పిరుదులు గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు గోడను నొక్కాలి, ముందుకు తిరిగేటప్పుడు ఎడమది. రెండూ గోడను వదిలేశాయంటే ఒళ్లు బంతి మీదికి పోతోందన్నమాట. అప్పుడు చేతులకు చోటు మిగలదు.

ఫోన్‌ను నడుము ఎత్తులో పెట్టి వీడియో తీసుకోండి. మనకు అనిపించేది ఒకటి, జరిగేది ఒకటి. పాదం ముందే పడిందని మీరు ప్రమాణం చేసి చెప్పినా, వీడియోలో చేతులు ముందు కదలడం కనబడవచ్చు. అలా ఉంటే వేగం సగానికి తగ్గించండి.

రోజూ 20 సార్లు అడుగు, 20 సార్లు గోడ. వచ్చే వారం బంతి పెడదాం. అప్పటిదాకా దాని జోలికి వెళ్లకండి.