గిట్ టూల్‌కి తెలుగు ఫైల్ పేర్లు దొరకడం లేదా?

రొయ్యల గుంటల లెక్కలు ఊరికో ఫైల్‌గా గిట్‌లో (ఫైళ్లలో మార్పుల చరిత్ర దాచే ప్రోగ్రామ్) పెట్టుకున్నారనుకుందాం: కావలి, అల్లూరు, ముత్తుకూరు. మారిన ఫైళ్లను ఏరి బ్యాకప్ తీయడానికి చిన్న కమాండ్‌లైన్ టూల్ ఉంది. పేర్లు ఇంగ్లిష్‌లో ఉన్నన్నాళ్లూ బాగానే నడిచి, తెలుగులో పెట్టగానే ‘అలాంటి ఫైల్ లేదు’ అంటోంది.

ముందు గిట్ ఏమిస్తోందో చూడండి. (కమాండ్లు పలికినట్టు రాస్తున్నాం, కొట్టేది ఇంగ్లిష్‌లోనే.) ‘గిట్ స్టేటస్ --పోర్సిలిన్’ కొడితే, కావలి ఉండాల్సిన చోట డబుల్ కోట్స్‌లో \340\260\225 అని మొదలై అంకెలే వస్తాయి. ఆ మూడూ కలిస్తే ‘క’. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తైనా మూడు బైట్లు. ఒక్కో బైట్‌ను గిట్ నాలుగు క్యారెక్టర్లుగా రాస్తుంది. కావలికి 15 బైట్లు, అంటే 60 క్యారెక్టర్లు. టూల్ వాటినే పేరనుకుని వెతుకుతోంది.

చాలామంది, పేర్లను ఇలా అంకెలుగా మార్చే గిట్ సెట్టింగ్ కోర్.కోట్‌పాత్‌ను ఫాల్స్ (ఆఫ్) చేసి చేతులు దులుపుకుంటారు. అది పైపూత. ఒంగోలులో ఇంకొకరి మెషీన్‌లో ఆ సెట్టింగ్ ఉండదు. ఉన్నా, ‘అల్లూరు పాత గుంట’ అని పేరులో స్పేస్ ఉంటే కోట్స్ మళ్లీ వస్తాయి.

దిద్దాల్సింది టూల్ చదివే తీరు. అదే కమాండ్‌కి -జెడ్ చేర్చండి. పేర్లు ఉన్నవి ఉన్నట్టు వస్తాయి, ఒక్కోదాని చివర నల్ (విలువ సున్నా ఉన్న) బైట్ ఉంటుంది. లైన్లుగా కాకుండా నల్ దగ్గర కోయండి. మొదటి రెండు క్యారెక్టర్లు స్థితి, మూడోది స్పేస్, నాలుగో దాని నుంచి పేరు. బాష్‌లో (కమాండ్లు నడిపే షెల్) ఈ అవుట్‌పుట్‌ను వేరియబుల్‌లో పెట్టకండి, నల్‌లు రాలిపోతాయి. ‘ఐఎఫ్ఎస్= రీడ్ -ఆర్ -డి’ తర్వాత ఖాళీ కోట్స్ ఇచ్చి లూప్‌లో చదవండి. పైథాన్ అయితే బైట్లుగానే తీసుకుని, కోశాక ఓఎస్.ఎఫ్ఎస్‌డీకోడ్ చేయండి.

పేరు మార్చిన ఫైల్ దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. స్టేటస్‌లో -జెడ్ పెడితే బాణం గుర్తు పోయి కొత్త పేరు ముందు, పాత పేరు వెనక వస్తాయి. ‘గిట్ డిఫ్ --నేమ్-స్టేటస్ -జెడ్’లో తిరకాసు: పాతదే ముందు. స్థితిలో ఆర్ (రీనేమ్, అంటే పేరు మార్పు) కనిపిస్తే రెండు పేర్లు తీసుకోవాలి, లేకపోతే అక్కణ్నుంచి లెక్కంతా ఒకటి జరిగిపోతుంది.

కొత్త ఫోల్డర్‌లోని ఫైళ్లు విడివిడిగా కావాలంటే -యూఆల్ కూడా ఇవ్వండి.

ఇవన్నీ చేశాక కూడా ‘కావలి’ ఒకే పేరుతో రెండు ఫైళ్లుగా కనిపిస్తే, ఒకదాంట్లో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) దూరి ఉండొచ్చు. అప్పుడు ఆ అంకెలే పనికొస్తాయి: -జెడ్ తీసేసి, కోట్‌పాత్ ట్రూగా ఉంచి చూడండి, \342\200\214 ఉన్నది అదే.

పరీక్షకు ఖాళీ రెపోలో (గిట్ చూసుకునే ఫోల్డర్) నాలుగు ఫైళ్లు చాలు: ఒకటి ఇంగ్లిష్ పేరు, ఒకటి తెలుగు, ఒకటి స్పేస్‌తో, ఇంకోటి కమిట్ చేశాక (గిట్‌లో నమోదు చేశాక) ‘గిట్ ఎంవీ’తో పేరు మార్చింది.