ఈ ఎండల్లో కుక్కను అలసగొట్టకండి, బుర్రకు పని పెట్టండి

పోయిన వారం మా పక్క వీధిలో మూడేళ్ల లాబ్రడార్ ఒకటి వడదెబ్బతో చనిపోయింది. దాన్ని ఎవరూ ఎండలో కట్టెయ్యలేదు, నీళ్లు పెట్టడం మరిచిపోలేదు. పగలంతా ఇంట్లో గెంతులేస్తోందని సాయంత్రం ఆరింటికి డాబా మీదికి తీసుకెళ్లి బంతి విసిరారు. బాగా ఆడితే రాత్రికి అలసిపోయి పడుకుంటుందని ఆశ. ఆరింటికి ఎండ తగ్గినా స్లాబు సెగ తగ్గదు.

రోహిణి కార్తె ఇంకా ముందుంది. నీడ, నీళ్లు, కూలర్ సంగతి మీకు చెప్పక్కర్లేదు. నేను చెప్పేది ఒక్కటే: కుదురు లేని కుక్కను పరుగుతో కుదురు చేయాలని చూడకండి. మనలా ఒళ్లంతా చెమట పట్టి చల్లబడే వీలు దానికి లేదు, రొప్పాల్సిందే. విజయవాడ లాంటి చోట వేడికి ఉక్క కూడా తోడైతే ఎంత రొప్పినా పెద్దగా లాభం ఉండదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే ఒంటి వేడి 105 దాటిందంటే ప్రాణాపాయం. బంతి పిచ్చి ఉన్న కుక్క తనంతట తాను ఆగదు, మీరు విసిరినంతసేపూ తెస్తూనే ఉంటుంది. పైగా రోజూ పరిగెత్తిస్తే దానికి దమ్ము పెరుగుతుంది. మొన్నటిదాకా అరగంటతో సరిపెట్టుకున్న కుక్క గంట అడుగుతుంది.

దాని ముక్కుకు పని పెట్టండి. పొద్దున గిన్నెలో పోసే డాగ్‌ఫుడ్ గింజల్లో సగం తీసి, పాత తువ్వాలు మీద చల్లి, చుట్ట చుట్టి ఇవ్వండి. వాసన పట్టి, విప్పుకుని తినడానికి పది నిమిషాలు పడుతుంది. అది నిజంగా అలసట తెచ్చే పని. వాకింగ్‌కు తెల్లవారుజామునే వెళ్లి, లీష్ వదులుగా పట్టుకుని, ఎక్కడ వాసన చూడాలంటే అక్కడ నిలబడనివ్వండి. దూరం లెక్క కాదు. మధ్యాహ్నానికి ఉప్పు వెయ్యని పెరుగన్నం చిన్న స్టీలు గిన్నెలో గడ్డకట్టించి పెట్టండి. నాకడం కుక్కను నెమ్మదింపజేస్తుంది.

ఆట అయ్యాక చేసేదే అసలు పాఠం. ఒక చాప వేయండి. పిలవకుండా వచ్చి దాని మీద పడుకుంటే, మాట్లాడకుండా ఒక గింజ కాళ్ల మధ్య పెట్టండి. తల నేలకు ఆనిస్తే ఇంకొకటి. ‘గుడ్ బాయ్’ అని గట్టిగా మెచ్చుకుంటే లేచి మళ్లీ గంతులే. విశ్రాంతి కూడా నేర్పితేనే వస్తుంది, చాలామంది ఈ పని చెయ్యనే చెయ్యరు.

లేజర్ లైటు వెంట పరిగెత్తించకండి. ఎప్పటికీ దొరకని దాన్ని వెతుకుతూ నీడల్ని కూడా తరిమే జబ్బు పట్టుకోవచ్చు. మామిడి టెంక ఇవ్వకండి, పేగులో ఇరుక్కుంటే ఆపరేషనే. ఉడికించిన ఎముకలు వద్దు. అట్టపెట్టె ఆటకు ఇచ్చే ముందు పిన్నులు, టేపు పీకెయ్యండి. తిండిలో ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ, చాక్లెట్ కలపొద్దు. పీనట్ బటర్ డబ్బా మీద జైలిటాల్ (చక్కెరకు బదులు వేసే తీపి పదార్థం, కుక్కకు విషం) అని ఉంటే ముట్టనివ్వకండి. రెండు కుక్కలుంటే ఈ తిండి ఆటలు వేర్వేరు గదుల్లో పెట్టండి. తింటున్నప్పుడు పిల్లల్ని దగ్గరికి పంపొద్దు. ఆట తెలియక మొరుగుతుంటే తేలిక చెయ్యండి, ఏడిపించకండి. చప్పిడి ముక్కు పగ్ అయితే వేడికి ఇంకా జాగ్రత్త, ఆ ముక్కుతో అది సరిగ్గా రొప్పలేదు.

మళ్లీ చెబుతున్నా, పరిగెత్తించకండి. సాయంత్రం కూడా. ‘ఐదే నిమిషాలు’ కూడా వద్దు.

రొప్పు ఆగకపోయినా, చొంగ చిక్కబడినా, కాళ్లు తడబడినా వెంటనే కుళాయి నీళ్లతో ఒళ్లంతా తడపండి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి వదిలెయ్యకండి, వేడి లోపలే ఉండిపోతుంది. నీళ్లు గొంతులో బలవంతంగా పొయ్యకండి. తడుపుతూనే వెటర్నరీ డాక్టర్‌కు ఫోన్ చేసి బయల్దేరండి. తేరుకుని తోక ఊపినా తీసుకెళ్లాల్సిందే, కిడ్నీలకు తగిలిన దెబ్బ మర్నాటికి గానీ బయటపడకపోవచ్చు.