పాత మస్టాంగ్ ముందు సస్పెన్షన్: ఒక్క అంగుళం తేడా
1965, 1966 నాటి ఫోర్డ్ మస్టాంగ్ ముందు సస్పెన్షన్‌ను బాగుచేసుకునేవారు ఖరీదైన కిట్ల జోలికి వెళ్లే ముందు, మస్టాంగ్‌కే రేసింగ్ రూపమైన 1965 షెల్బీ జీటీ350లో చేసినట్లు పై కంట్రోల్ ఆర్మ్‌ను (చక్రాన్ని బాడీకి కలిపే పై కడ్డీని) ఒక అంగుళం కిందికి దింపి బిగించడం మేలు. ఇందుకు షాక్ టవర్‌కు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్‌లను పట్టి ఉంచే బాడీ భాగానికి) రంధ్రాల స్థానం చూపే టెంప్లేటు ప్రకారం కొత్త రంధ్రాలు వేస్తే చాలు. మలుపులో బండి ఒరిగినప్పుడు బయటివైపు చక్రం బాడీతో పాటు అంతగా వాలిపోకుండా టైరు రోడ్డును నిండుగా పట్టుకుంటుంది. అయితే డ్రిల్ పట్టే ముందు టవర్‌లో పగుళ్లు, తుప్పు ఉన్నాయేమో రంగు గీకి మరీ చూడాలి. ఈ బండిలో కాయిల్ స్ప్రింగు పై ఆర్మ్ మీదే కూర్చుంటుంది కాబట్టి, స్ప్రింగును నొక్కిపట్టే సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాన్ని తీయబోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. అక్కడ పొదుపు పనికిరాదు. కింది ఆర్మ్ రబ్బరు బుష్ (ఆర్మ్ బాడీకి బిగిసే చోట ఉండే రబ్బరు తొడుగు) సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా దాని బోల్టును పూర్తిగా బిగిస్తే, బండి నేలకు దిగగానే రబ్బరు మెలిపడి త్వరగా చిరిగిపోతుంది. అందువల్ల బరువంతా చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు ఇచ్చి, ఆపై వీల్ అలైన్‌మెంట్ చేయించాలి.